వంశధార కోసం చేదు బీరు

1

ఈ వాయికి ఇంకా పేరు పెట్టలేదు. మామూలుగా బీరు దించి రుచి చూశాకే పేరూ పెడతాను, వివరాలూ రాస్తాను. ఈసారి ఒక్క గింజ నానబెట్టకముందే రాయడం మొదలుపెట్టాను. తప్పు జరిగితే మళ్ళీ కాచుకునే వ్యవధి లేదు.

ఇవాళ పొద్దున మా ఊరు ఎర్రమిట్ట పెద్ద హాల్లో అందర్నీ నిలబెట్టి ప్రకటన చదివారు. వంశధార ఓడ శుక్రుణ్ణీ భూమినీ చుట్టి వేగం పుంజుకుంది. ఈ చలికాలం చివర్లో మన అంగారకుడి పక్కనుంచే వెళుతుంది. ఆగదు. ఆగితే మళ్ళీ ఆ వేగం అందుకునేంత ఇంధనం దానికి లేదు. మనల్ని రాసుకుంటూ దూసుకుపోయి, శనిగ్రహం దగ్గర టైటాన్ చేరేదాకా ఇంకెక్కడా ఎవరికీ దగ్గరగా రాదు. అందులో ఉన్న పన్నెండుమందిలో నీళ్ళ యంత్రం చూసే ఇంజనీరు హైమావతి నా భార్య. ఆమె వెళ్ళి ఏళ్ళయింది.

ఆ యంత్రాన్ని తయారు చేసినవాళ్ళలో ఓడ ఎక్కే ఆరోగ్యం ఉన్నది ఆమె ఒక్కతికే. నా ఊపిరితిత్తుల్లో చిన్నప్పటి ఎర్రదుమ్ము ఉంది. నన్ను వైద్యుల గది గుమ్మంలోనే వెనక్కి పంపారు. ఆమె తిరిగొచ్చేసరికి ఇద్దరికీ తల నెరిసిపోతుంది.

ఓడ ఆగకపోయినా, ఇక్కణ్ణుంచి ఒక చిన్న సరుకుల పడవని పైకి పంపుతారు. కొన్నాళ్ళు పైనే తిరుగుతూ ఉండి, వంశధార వచ్చే వేళకి దాని వేగం అందుకుని పక్కకి చేరుతుంది. ఓడలోని పన్నెండుమందికీ అందులో ఒక్కో ఇంటి నుంచి ఒక్కో చిన్న మూట పెట్టుకోవచ్చట.

ఇంటికొచ్చేసరికి హైమ మాట వచ్చి ఉంది. ఇప్పుడు మా ఇద్దరి మధ్యా దూరం ఎంతంటే, నేను ఒక ప్రశ్న అడిగి, అన్నం వండుకుని తిని, గిన్నె కడిగి పెట్టుకున్నాక జవాబు వస్తుంది.

"నాయుడూ, నాకు రుచి పోనాదయ్యా," అంది. గొంతు కూడా పడిశం పట్టినట్టు ముద్దగా ఉంది. "ఇక్కడ ఒంటికి బరువు లేదు కదా, నీరంతా ముఖంలోకే ఎక్కుతాది. ముక్కు ఎప్పుడూ మూసుకునే ఉంటాది. మొన్న ఆవకాయ బద్ద నోట్లో పెట్టుకుంటే అట్టముక్క నమిలినట్టుంది. నువ్వేటి పంపినా సరే, గట్టిగా తగలాల. మెత్తమెత్తనివి వద్దు."

వింటూనే నిర్ణయించుకున్నాను. ఏల్ అనే లేతరంగు బీరు కాస్తాను. తేనెరంగులో ఉండాలి. బలం మామూలు దానికి రెట్టింపు ఉండాలి. బీరుకి చేదునిచ్చే హాప్స్ పూలు చేతికి అందినన్ని పడాలి. మత్తెక్కించే సారం ఎక్కువుంటే పాడవదు, హాప్స్ ఎక్కువుంటే పులిసిపోదు. పడవలో ఎన్నాళ్ళున్నా తట్టుకుంటుంది. పైగా చేదు తెలిసేది నాలుకకి. హైమకి ముక్కు మూసుకుపోయింది గానీ నాలుక ఇంకా ఆమెదే.

ఒక్కటే లోటు. నురగ ఉండకూడదు. బరువు లేని చోట కడుపులో గాలి పైకి రాదు, వస్తే తాగినదాన్ని వెంటబెట్టుకుని వస్తుంది. నురగ లేని బీరంటే నాకు తాళింపు లేని పప్పు. అయినా సరే.

2

బార్లీ సంపాదించాను. ఊరి పంటలు పండే పచ్చగదిలో విత్తనానికి ఉంచగా మిగిలిన గింజలు, మొలక సరిగా రావని పక్కన పెట్టినవి. సరిగా రాకపోయినా కొన్ని వస్తాయి కదా. తడిగుడ్డలో కట్టి మంచం కింద పెట్టాను. తెల్లటి మొలక చీమ కాలంత రాగానే తీసి, పంపుగది వేడిగొట్టం మీద పళ్ళెంలో ఆరబెట్టాను. మాడకూడదు, మాడితే రంగు ముదురుతుంది, తీపి మిగిలిపోతుంది. ఈ ఏల్ నాలుక మీద పొడిగా, శుభ్రంగా దిగాలి. చేదుకి అడ్డం రాకూడదు. బలం కోసం బీట్‌దుంప పంచదార కొంచెం కలుపుతాను.

ఆ వాసనకి వరండా అంతా తలుపులు తెరుచుకున్నాయి. కొత్త బియ్యం వేయించినట్టు ఉందని ఒకరు, పేలాల వాసనని ఒకరు. ఎదురింటి ముసలాయన తలుపు దగ్గరే నిలబడి కళ్ళు మూసుకుని పీల్చి లోపలికి వెళ్ళిపోయాడు.

ఇక్కడ బీరు కాచడంలో ఒక తంటా ఉంది. ఎర్రమిట్టలో గాలిని పలచగా ఉంచుతారు. నీళ్ళు తొందరగా తెర్లుతాయి గానీ తగినంత వేడెక్కవు. హాప్స్‌లోని చేదు బాగా వేడి తగిలితే గానీ కషాయంలోకి దిగదు. అందుకని భూమ్మీదవాళ్ళు మరిగించేదానికన్నా చాలా ఎక్కువసేపు మరిగించాలి, పూలు కూడా చాలా ఎక్కువ వెయ్యాలి. మూడు విడతలుగా వేద్దామని అనుకున్నాను. మొదటి విడత మరుగు మొదలవగానే, అది చేదుకి. రెండోది దించబోయే ముందు, అది రుచికి. మూడో విడత పులియడం పూర్తయ్యాక పచ్చిగా వేసి నానబెడతాను. అది వాసనకి. మూసుకుపోయిన ముక్కునైనా తట్టి లేపేది ఆ మూడో విడతే.

మరి అన్ని పూలు నా దగ్గర ఉన్నాయా? లేవు. తీగలు ఐదున్నాయి. ఇప్పుడిప్పుడే మొగ్గ తొడుగుతున్నాయి.

3

దుమ్ము లేచింది.

మొదట పడమటి గట్టు కనిపించకుండా పోయింది, తర్వాత ఆకాశమే లేకుండా పోయింది. బయట ఎండతో కరెంటు తీసే పలకలు తుడిచేవాళ్ళు రెండు పూటలా వెళ్తున్నారు. తుడిచి వెనక్కి తిరిగేలోగా మళ్ళీ కప్పేస్తోంది. కరెంటు సగానికి పడింది. వరండాల్లో ఒక దీపం వదిలి ఒక దీపం ఆర్పేశారు.

పచ్చగదికి వెళ్ళాను. పచ్చగది పెద్ద నూకరత్నం అప్పటికే చిక్కుడు మళ్ళ మధ్య నిలబడి పైనున్న దీపాలు ఏవి ఉంచాలో, ఏవి తీయాలో చేత్తో చూపిస్తోంది. నన్ను చూసి ముఖం తిప్పుకుంది.

"నువ్వెందుకొచ్చావో నాకు తెల్సు, తమ్ముడూ. ముందే సెప్పీస్తన్నాను. కుదరదు."

"నేనింకా అడగలేదక్కా."

"అడగక్కర్లేదు. చిక్కుడు, బచ్చలి, బంగాళదుంప. ఈ మూడిటికే ఎలుతురు సాలదు. ఊరు తినాల. నీ తీగలు మనిషి కడుపు నింపుతాయేటి?"

"నింపవు."

అంత తొందరగా ఒప్పుకుంటానని ఆమె అనుకోలేదు. తీగల వైపు చూసింది. గోడవారగా కట్టిన తాళ్ళ మీద ఐదు తీగలూ కప్పు దాకా పాకాయి. మొగ్గలు ఆవగింజంత ఉన్నాయి.

"మా ఇంటి దీపం, పొయ్యి కోటా మొత్తం రాసిచ్చేస్తానక్కా. చీకట్లో ఉంటాను."

"నీ ఇంటి దీపంతో నా తీగకి మూరెడు ఎలుతురు రాదు," అంది. తర్వాత గొంతు తగ్గించి, "హైమకేనా?" అని అడిగింది.

తలూపాను.

నూకరత్నం తీగల దగ్గరకెళ్ళి ఒక్కో దాని మొదలూ గోటితో గీకి చూసింది. చూసి నా చేతికి కత్తెర ఇచ్చింది. "ఐదుని బతికిద్దామనుకుంటే ఐదూ పోతాయి. ఒక్క దీపం ఇస్తాను, అది నా బచ్చలి మడి మీదది. ఒక్క దీపం కింద రెండు తీగలు పండుతాయి. మిగతా మూడూ తీసీ. నువ్వే తియ్యి. నన్ను తీయమనకు, నాను తీయలేను."

ఆ మూడిట్లో ఒకటి హైమ నాటినది. వేళ్ళ ముక్క తడిగుడ్డలో చుట్టుకుని తెచ్చి, మట్టిలో పెట్టి, ఇది ఆడదే కావాలని రోజూ వచ్చి చూసేది. మగతీగకి ఈ పూలు రావు. అదే అన్నింటికన్నా బలహీనంగా ఉంది. ముందు దాన్నే కోశాను. తర్వాత కోయబుద్ధి కాదని తెలుసు.

4

రెండు తీగలూ పండాయి. పూలంటే పూలూ కాదు, ఆకుపచ్చ కాగితపు గంటల్లా ఉంటాయి. రేకు విప్పితే మధ్యన పసుపుపొడి. వేలితో నలిపితే జిగురు అంటుకుంటుంది, సబ్బుతో కడిగినా రెండు రోజులు పోదు.

కోసి ఆరబెట్టి తూస్తే నేను అనుకున్నదాంట్లో సగం కూడా లేవు.

పొయ్యి ముందు కూర్చుని చాలాసేపు ఆలోచించాను. ఉన్న పూలతోనే అనుకున్నంత బీరు కాస్తే మామూలు బీరు అవుతుంది. మంచిదే అవుతుంది. హైమ తాగి "బాగుంది" అంటుంది. బాగుంది అన్న మాట హైమ నోట్లో ఎలా ఉంటుందో నాకు తెలుసు. అలా అంటే బాగోలేదనే.

బలం తగ్గించను, చేదు తగ్గించను. నీళ్ళే తగ్గిస్తాను. పీపాడు కాకుండా నాలుగు సీసాలకి సరిపడా చాలు.

ఇవాళ కాచాను. వంటింట్లో చిన్న గిన్నె. పలచగాలికి బుడగలు పెద్దవిగా లేచి, ఇక్కడ బరువు తక్కువ కాబట్టి తాపీగా, పక్షి రెక్క ముడుచుకున్నట్టు దిగుతాయి. పొంగకుండా గరిటెతో కొడుతూ నిలబడ్డాను. మొదటి విడత పూలు వేయగానే ఆవిరి ఘాటుగా ముఖానికి కొట్టింది. మూడో విడతకి ఉంచినవి గుడ్డలో మూటకట్టి చల్లటి గోడకి తగిలించాను.

మధ్యలో హైమ మాట వచ్చింది. దూరం తగ్గింది. ఇప్పుడు ప్రశ్నకీ జవాబుకీ మధ్య టీ పెట్టుకుంటే చాలు.

"ఏటి సేస్తున్నావు? ఆ చప్పుడేటి?"

"నీకే కాస్తున్నాను," అని గరిటె గిన్నె అంచుకి కొట్టి వినిపించాను.

టీ పెట్టుకున్నాను. తాగాను.

"ఒలమ్మ, నిజంగానే?" అంది. "సారం బాగా ఎక్కువ పెట్టు. ఎంత ఎక్కువంటే, ఓడ కుదుపొచ్చినా నాకు తెలీకూడదు," అంది. నవ్వింది. ఆ నవ్వు బయల్దేరినప్పుడు నేను టీ వడగడుతూ ఉండి ఉంటాను.

5

చలి ముదిరింది. కరెంటు ఇంకా తగ్గించారు. ఇళ్ళల్లో రెండు దుప్పట్లు కప్పుకుని పడుకుంటున్నాం.

కాచిన బీరుని పులియబెట్టే ఈస్ట్ పనిచేయడం మానేసింది. నా ఉద్యోగమే ఈస్ట్. ఊరికి తిండిపిండి చేసే తొట్ల దగ్గర రోజంతా దాన్ని కాచుకుని ఉంటాను. చలేస్తే అది ముడుచుకుని అడుగున పడుకుంటుందని నాకు తెలుసు. తొట్ల గది వెచ్చగానే ఉంటుంది. అక్కడ పెట్టొచ్చు. కానీ అది ఊరి తిండి, ఇది నా బీరు. ఇందులోని హాప్స్ పొరపాటున అందులో ఒలికితే తొట్టి తొట్టంతా చేదెక్కుతుంది. మనసొప్పలేదు.

బీరు పులియడానికి పోసిన డబ్బా తెచ్చి మంచం మీద, హైమ పడుకునే వైపు పెట్టాను. దుప్పటి ఇద్దరికీ కప్పాను. ఇద్దరికీ అని రాసేశాను, కొట్టెయ్యను. పడుకుని చెయ్యి దాని మీద వేస్తే మొదటి రోజు చల్లగా ఉంది. రెండో రోజు తెల్లవారి లేచేసరికి లోపల చిన్న గుటక వినబడింది. మూతకున్న సన్నటి గొట్టంలోంచి ఒక బుడగ. కాసేపటికి ఇంకోటి.

ఆమె వెళ్ళాక ఇన్నాళ్ళకి ఆ పక్క చప్పుడు.

6

ఇవాళ రాయడం కష్టంగా ఉంది.

పడవల రేవులో సరుకు తూచి ఎక్కించే జోగారావు కబురు పెట్టాడు. నాకు వరసకి బావమరిదే, హైమకి పినతల్లి కొడుకు, నన్ను బావా అంటాడు. వెళ్ళేసరికి పన్నెండిళ్ళవాళ్ళూ ఉన్నారు. ఎవరి మూటలు వాళ్ళ ఒళ్ళో.

"మూటలు పోవు," అన్నాడు జోగారావు. బల్ల వెనక నిలబడి, తలెత్తకుండా. "ఓడలో నీళ్ళు శుద్ధి చేసే జల్లెడలు చిరిగాయట. రెండో వరస కూడా పోతే టైటాన్ దాకా నీళ్ళుండవు. ఇక్కణ్ణుంచి కొత్త జల్లెడలు వెళ్ళాల. అవి బరువు. పడవ పట్టేదంతా అవే పడతాయి."

ఒకామె బుట్టలో బూరెలు తెచ్చింది. మూత తీసి చూసుకుని మళ్ళీ మూసింది.

"ఇంకో పడవ పంపలేరా?" అని ఎవరో అడిగారు.

"ఈ దుమ్ములో ఒక్కటి లేస్తే అదే పదివేలు."

నేను బల్ల దగ్గరకెళ్ళాను. జోగారావు నా వైపు చూడలేక త్రాసు గొలుసుతో ఆడుకుంటున్నాడు. "అడిగిందెవరు?" అన్నాను.

"హైమే, బావా. మూటలు తీసీయమని కూడా తనే రాసింది. నీకు నన్నే చెప్పమంది. తను చెప్పలేనంది."

నాకు కోపం రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. పన్నెండుమంది ప్రాణాల లెక్క తెలియక కాదు. నిన్న కూడా మాట్లాడింది కదా, చేదు ఎలా దిగింది, రంగు ఎలా వచ్చింది అని అడిగింది కదా. అప్పటికే రాసేసి ఉంటుంది. రాసేసి, నా దగ్గర అవన్నీ అడిగి వింది. ఆ మాటలు వినాలని ఆమెకి ఎంత ఉండి ఉంటుందో కోపం తగ్గాక గానీ తట్టలేదు.

తూకం చూపించడానికి తెచ్చిన నాలుగు ఖాళీ సీసాలూ నా సంచిలోనే ఉన్నాయి, బీరు ఇంకా ఇంట్లో డబ్బాలోనే ఉంది. జల్లెడలు పెట్టాక ఎంత చోటు మిగులుతుందని అడిగాను. ఏమీ మిగలదన్నాడు. పూర్తిగా ఏమీనా? జోగారావు గొలుసు వదిలేశాడు. లోపలికెళ్ళి ఒక జల్లెడ చట్రం తెచ్చి బల్ల మీద పెట్టాడు. నాలుగు మూలల్లోనూ బోలుగా గూళ్ళున్నాయి.

"ఇదిగో, ఈ మూల గూడులో ఒక పిడికిలి పడతాది. మూడు చట్రాలు, పన్నెండు గూళ్ళు," అన్నాడు అందరికీ వినపడేలా. "పిడికిట్లో పట్టేదేదైనా ఇవ్వండి. తడి వద్దు, సీసా వద్దు, పొడి రాలకూడదు. పైవాళ్ళనడిగి ఒప్పిస్తాను. ఒప్పుకోకపోతే అప్పుడు చూద్దాం."

అప్పుడు జనం మూటలు విప్పుకున్నారు. ఒక తండ్రి ఊలు స్వెట్టరు తీసి, చూసి, దాని గుండీ ఒకటి తెంపాడు. బూరెలావిడ ఏం తీయాలో తెలియక నిలబడిపోయి, చివరికి మెడలోని పసుపుతాడు చివర ముడి విప్పి ఒక పోగు లాగింది. ఒకతను మనవరాలి బొటనవేలి ముద్ర కాగితం మీద వేయిస్తున్నాడు. ఆ పిల్ల నవ్వుతూ రెండో చేతి వేలు కూడా ముంచింది.

నేను ఇంటికి పరుగెత్తాను. గోడకి తగిలించిన మూటలోని పూలు, మూడో విడతవి, అన్నీ తీశాను. పిడికిట్లో పట్టేన్ని గాలి చొరని సంచిలో పెట్టి అదిమాను. సరిగ్గా అన్నే ఉన్నాయి, డబ్బాలో వేయడానికి ఒక్కటీ మిగల్లేదు. తిరిగి వెళ్ళి జోగారావు చేతిలో పెట్టాను.

అతను సంచి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు గానీ మూతి బిగించి ఉంది. "ఏటిది బావా?"

"బీరులో వాసన."

7

దుమ్ము రెండు పూటలు తెరిపిచ్చింది. పడవ లేచింది. కిటికీ లేని గదిలో అందరం నిలబడి కాళ్ళ కింద నేల అదరడం విన్నాం. ఆ తర్వాత కొన్నాళ్ళకి, ఓడకి అందిందని పైనుంచి మాట వచ్చింది. జల్లెడల మాట అది. గూళ్ళ మాట ఎవరూ అనలేదు. మేమూ అడగలేదు.

బీరు సీసాల్లోకి దించి, ఒక చెంచా తీసి రుచి చూశాను. తేనెరంగే వచ్చింది. బలం గుండెల్లో తెలుస్తోంది. చేదు నాలుక మధ్యలో కూర్చుని లేవనంటోంది. కానీ ముక్కుకి మాత్రం దాదాపు ఏమీ లేదు. మంచినీళ్ళ గిన్నె దగ్గర ముఖం పెట్టినట్టుంది.

8

ఇవాళ వంశధార వెళ్ళింది.

పొద్దున్నే పన్నెండిళ్ళకీ విడివిడిగా లైను ఇచ్చారు. నిన్నటిదాకా నా మాటకీ ఆమె మాటకీ మధ్య ఇంకా ఒక గుక్క గడిచేది. ఇవాళ నేను "హైమా" అంటుండగానే, మాట పూర్తికాకముందే, "ఆ, ఉన్నాను," అంది.

ఇన్నేళ్ళుగా, జవాబు ఎప్పుడో వస్తుంది కాబట్టి అన్నీ ఒకేసారి చెప్పేయడం అలవాటైపోయింది. ఎదురుగా ఉన్న మనిషితో ఎలా మాట్లాడతారో మర్చిపోయాను.

"కోపంగా ఉందా?" అంది.

"ఉండింది."

"నాను నీకు చెప్పలేకపోనాను. నువ్వు గరిటె కొట్టి వినిపించావు కదా. ఎలా చెప్పను?"

"జల్లెడలు సరిపోయాయా?"

"రెండు బిగించీసాను. మూడోది చేస్తన్నాను. పని ఆపకుండా మాట్లాడతాను, ఏటనుకోకు." మరలు తిప్పుతున్న చప్పుడు. మన ఇంట్లో కుళాయి బాగుచేస్తూ నాతో మాట్లాడినట్టే ఉంది. చప్పుడు ఆగింది. "నాయుడూ. ఇక్కడ గూడులో ఏదో ఉంది."

"నీదే."

సంచి చింపిన చప్పుడు.

"నలుపు," అన్నాను. "రెండు అరచేతుల మధ్యా పెట్టి గట్టిగా నలిపి, వెచ్చబడ్డాక ముఖానికి దగ్గరగా పెట్టుకో."

ఏమీ వినబడలేదు. ఇన్నేళ్ళూ మౌనం అంటే దూరమే. ఎంత మౌనముంటే అంత దూరం అని లెక్క వేసుకునేవాణ్ణి. ఇప్పుడు మధ్యలో దూరం లేదు. ఈ మౌనం హైమది. ఇంట్లో ఆమె ఏడ్చేముందు ఇలాగే ఉండేది.

"మొదట ఏటీ తెలీలేదు," అంది చివరికి. "ఇంకోసారి నలిపాను. సన్నగా, ఎక్కడో లోపల... నారింజతొక్క. వానకి తడిసిన కట్టెలు. ఒలమ్మ. నాయుడూ, నాకు తెలుస్తంది. వాసనొస్తంది నాకు." ఎవర్నో పిలిచింది. పక్కనుంచి నలుగురు మాట్లాడుకుంటున్న సందడి వినబడింది. అందరూ ఆమె చేతులు వాసన చూస్తున్నారు. ఒకతను తుమ్మాడు. నవ్వులు.

"నువ్వు తాగు," అంది, మళ్ళీ నా దగ్గరికొచ్చి. "నాను వాసన చూస్తాను, నువ్వు తాగు. ఎలగుందో సెప్పు."

సీసా మూత తీసి గ్లాసులో పోసి ఒక గుక్క తాగాను.

"చేదు."

"ఎంత?"

"ఇంత చేదు నేనెప్పుడూ కాయలేదు. మింగాక కూడా పోవడం లేదు. చివర్లో కొంచెం తీపి ఉందేమో అనిపిస్తుంది, కానీ లేదు."

"నాకు కావలసింది అదే," అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముక్కు ఇంకా అరచేతుల్లోనే ఉందని గొంతు తెలియజేస్తోంది.

తర్వాత ఆమె మూడో జల్లెడ బిగించుకుంది. నేను గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. నూకరత్నం బచ్చలి మడి మీది దీపం ఇచ్చిందని చెప్పాను. ఆమె తీగే ముందు కోశానని కూడా చెప్పాను. "ఆ పీచు తీగా? మంచిపని," అంది. ఏవేవో మాట్లాడుకున్నాం. వాటిలో రాయదగ్గది ఏదీ లేదు. ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగితే చెప్పినట్టు మాట్లాడుకున్నాం.

అలా మాట్లాడుతూనే ఒకసారి ఇద్దరం ఒకేసారి మొదలుపెట్టాం. ఇద్దరం ఆగాం. మళ్ళీ ఇద్దరం ఒకేసారి మొదలుపెట్టాం. అప్పుడు ఇద్దరికీ అర్థమైంది. మధ్యలో ఒక అర ఊపిరి దూరం వచ్చింది.

"మిగిలిన సీసాలు దాచనా?" అని అడిగాను. "నువ్వొచ్చేదాకా ఉంటుంది. ఇంత సారం ఉన్నది పాడవదు."

ఒక ఊపిరి.

"దాచకు. పాడవదు గానీ ముసలిదైపోతాది. హాప్స్ వేసినది తాజాగా తాగాలని నువ్వే కదా ఊళ్ళో అందరికీ చెప్తావు. తాగీ. ఒక్కడివీ తాగకు, నలుగురికీ పొయ్యి. ఏటేటా కాయి. నాను వచ్చిన ఏడు, ఆ ఏటిది తాగుతాను."

9

వంశధార ఇప్పుడు చాలా దూరంలో ఉంది. దుమ్ము పలచబడింది. వరండాలో అన్ని దీపాలూ వెలిగించారు.

మిగిలిన సీసాలు పచ్చగదికి తీసుకెళ్ళాను. నూకరత్నం, జోగారావు, పన్నెండిళ్ళవాళ్ళలో రాగలిగినవాళ్ళు వచ్చారు. బంగాళదుంప మళ్ళ గట్ల మీద కూర్చున్నారు. చిన్న గ్లాసులు, ఒక్కొక్కరికి రెండు గుక్కలు.

బూరెలావిడ గుక్క తాగి కళ్ళు మూసుకుంది. ఓడలో ఉన్న ఆమె కొడుకు పసుపుతాడు పోగుని మణికట్టుకి కట్టుకున్నాడట. జోగారావు తాగి దగ్గాడు. నూకరత్నం ఒక గుక్క నోట్లో పోసుకుని, మింగలేక, ఉమ్మలేక, చిక్కుడు మడి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి వచ్చింది.

"ఓలమ్మో! ఇదేటి బీరా, కషాయమా? దీనికోసమా నా బచ్చలి సంపుకున్నాను?" అంది. అందరూ నవ్వుతుంటే గ్లాసు ముందుకి చాపింది. "ఇంకొంచెం పొయ్యి. ఇందాకలది సరిగా తెలీలేదు."

ఇంటికొచ్చి ఇదంతా హైమకి చెప్పాను. నూకరత్నం గొంతు అనుకరించి, మడి చుట్టూ ఎలా తిరిగిందో కూడా తిరిగి చూపిస్తూ చెప్పాను. ఆమెకి కనిపించదని తెలిసినా తిరిగాను. మాట పంపేశాక బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. అన్నం ఉడికింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆమె నవ్వు ఇంకా దారిలో ఉంది.